మళ్లీ రాని మనిషి

సర్జన్ వేసిన కుట్టు బాగుందో లేదో కొద్ది రోజుల్లో తెలిసిపోతుంది. చీము పడితే కట్టు విప్పగానే కనిపిస్తుంది. కంటి డాక్టరు శుక్లం తీసిన మర్నాడే పట్టీ తీసి, వేళ్లు చూపించి ఎన్నో చెప్పమంటాడు. మానసిక వైద్యుడికి అలాంటి మర్నాడు లేదు. దిగులుకు నేను రాసిన మాత్ర పనిచేయడం మొదలుపెట్టడానికే రెండు మూడు వారాలు పడుతుంది. ఈలోగా మనిషి తన ఊళ్లో ఉంటాడు. రెండోసారి రాకపోతే ఎందుకు రాలేదో నాకు చెప్పేవాళ్లుండరు. నయమై రాలేదా, మాత్ర పడక రాలేదా, బస్సు ఛార్జీలకు లేక రాలేదా, నేనన్న ఏ మాటకో మనసు కష్టపెట్టుకుని రాలేదా, అసలు మనిషే లేడా? కేస్ షీటులో వీటన్నిటికీ ఒకటే ఆనవాలు. ఆఖరి తేదీ, దాని కింద ఖాళీ కాయితం.

మా వృత్తిలో నిరంతర శిక్షణ గురించి ఎప్పుడు మాట వచ్చినా నా ఆలోచన ఆ ఖాళీ కాయితం దగ్గరికే వెళ్తుంది. కొత్త మందులు వస్తాయి, రోగాల పట్టికలు మారతాయి, చట్టాలు మారతాయి. అవన్నీ చదువుకోవాల్సిందే. అయితే తలుపు వేశాక లోపల ఏం జరుగుతుందో ఎవరూ చూడని వృత్తి మాది. ఆపరేషన్ థియేటర్లో మత్తు డాక్టరుంటాడు, నర్సులుంటారు, కత్తి పక్కకు జారితే చూసే కళ్లు నాలుగైదు జతలుంటాయి. మా గదిలో నేనూ, ఎదురుగా ఓ మనిషీ, మహా అయితే ఆమె వెంట వచ్చిన అత్తగారూ. ఆ అత్తగారిని ఓ పది నిమిషాలు బయట కూర్చోమని అడగాల్సి ఉండీ నేను అడగలేదనుకోండి, అది తప్పని నాకెవరు చెప్తారు?

అనుభవం చెప్తుందని అంటారు. అనుభవం మీద మనవాళ్లకు గౌరవం ఎక్కువ. తల నెరిసిన డాక్టరు దగ్గరికే తీసుకెళ్లమంటారు ఇంట్లో పెద్దవాళ్లు. 2005లో హార్వర్డ్‌లో నితీష్ చౌధరి, ఆయన సహచరులు ఈ నమ్మకాన్ని పరీక్షకు పెట్టారు. ప్రాక్టీసు చేసిన ఏళ్లకూ వైద్యపు నాణ్యతకూ ఉన్న సంబంధం మీద అచ్చయిన అధ్యయనాలు 62 పోగేసి చూస్తే, ఏళ్లు పెరిగేకొద్దీ పనితీరు తగ్గుతోందని వాటిలో సగానికి పైగా చెప్పాయి. ఆ మరుసటి ఏడాది మరో పరిశీలన వచ్చింది. తన పనితనం గురించి డాక్టరు వేసుకునే అంచనాకూ, బయటివాళ్లు కొలిచి చూసినదానికీ పొంతన అంతంత మాత్రమేనని అది తేల్చింది. ఇవి అన్ని శాఖల వైద్యులకూ సంబంధించిన లెక్కలు. మా శాఖ సంగతి ఇంతకన్నా కష్టమనే నా నమ్మకం. అనుభవం పాఠం చెప్పాలంటే చేసిన పనికి ఫలితం కంటపడాలి. నయమైనవాళ్లు పండ్లు తీసుకొచ్చి దండం పెట్టి వెళ్తారు. నయం కానివాళ్లు ఇంకో డాక్టరు దగ్గరికో, దర్గాకో, గుడికో పోతారు. ముప్పై ఏళ్లు ఇలా గడిస్తే, నా వైద్యం అందరికీ పనిచేస్తోందని నేను మనస్ఫూర్తిగా నమ్మగలను. అందులో అబద్ధం కూడా ఉండదు, నేను చూసినవాళ్లంతా బాగయినవాళ్లే కదా!

మన మెడికల్ కౌన్సిల్ 2002 నాటి నియమావళిలో ప్రతి వైద్యుడూ ఐదేళ్లలో కనీసం 30 గంటలు నిరంతర వైద్యవిద్యలో పాల్గొనాలని రాసింది. ఆదివారం పొద్దున హోటల్ హాల్లో మొదలయ్యే ఆ సీఎంఈలను నేను తక్కువ చేయను. జిల్లా కేంద్రంలో ఒంటరిగా ప్రాక్టీసు చేసేవాళ్లకు తోటివాళ్ల ముఖాలు చూడటమే ఊరట. వాల్‌ప్రోయేట్ వేసుకునే తల్లులకు పుట్టే పిల్లల్లో వెన్నెముక లోపాలూ, తెలివితేటల ఎదుగుదల కుంటుపడటమూ ఎంత ఎక్కువో నాకు కళ్లకు కట్టినట్టు అర్థమైంది అలాంటి హాల్లోనే. ఆ తర్వాత పెళ్లీడు ఆడపిల్లకు ఆ మాత్ర రాయాల్సి వస్తే కలం ఆగింది. కానీ అన్ని ఉపన్యాసాలూ అలా కలాన్ని ఆపవు. వింటూ కూర్చునే తరగతుల వల్ల డాక్టర్లు చేసే వైద్యం మారదని, తామే చేసి చూసి చర్చించే చోట కొంత మారుతుందని కెనడాలో డేవ్ డేవిస్ బృందం 1999లోనే చెప్పింది. పాతికేళ్లు దాటాయి. హాల్లో కుర్చీలు మాత్రం ఇంకా వేదిక వైపే తిరిగి ఉన్నాయి.

వేదిక మీద చెప్పింది నిజమేనా అన్నది ఇంకో ప్రశ్న. 2001లో ఒక పెద్ద అమెరికన్ పత్రికలో, టీనేజీ పిల్లల డిప్రెషన్‌కు పారోక్సెటిన్ బాగా పనిచేస్తుందని, పిల్లలు దాన్ని బాగానే తట్టుకుంటారని ఒక పరిశోధన అచ్చయింది. డబ్బు పెట్టింది ఆ మందు తయారుచేసే కంపెనీయే. 2015లో వేరే బృందమొకటి ఆ పరిశోధన తాలూకు అసలు రికార్డులు తీయించి మొదటినుంచీ లెక్క కట్టింది. ఉత్తుత్తి మాత్ర కన్నా ఆ మందు మెరుగేమీ కాదు, పైగా ఆత్మహత్య ఆలోచనలూ ప్రయత్నాలూ మందు వేసుకున్న పిల్లల్లోనే ఎక్కువ. మధ్యలో గడిచింది 14 ఏళ్లు. మందుల కంపెనీల నుంచి డాక్టర్లు కానుకలూ ప్రయాణ ఖర్చులూ తీసుకోకూడదని మన కౌన్సిల్ 2009లో నిబంధన చేర్చింది. మంచి పనే. అయినా హాలు అద్దె ఎవరు కట్టారో, ఆ పూట పాఠం ఏ మందు గురించో రెండూ పక్కపక్కన పెట్టి చూసుకునే అలవాటు మాకు మేమే చేసుకోవాలి. అది ఏ కౌన్సిలూ చేయించలేదు.

దురాశ వల్ల జరిగిన తప్పును తిట్టడం సులువు. నన్ను నిద్రపోనివ్వనిది మరో రకం తప్పు, ఏ దురాశా లేకుండా మంచివాళ్లు చేసింది. 1930లలో వియన్నాలో మాన్‌ఫ్రెడ్ సేకెల్ అనే వైద్యుడు స్కిజోఫ్రీనియాకు ఇన్సులిన్ కోమా చికిత్స మొదలుపెట్టాడు. పొద్దున్నే రోగికి ఇన్సులిన్ ఇస్తారు. రక్తంలో చక్కెర పడిపోయి, చెమటలు పట్టి, మనిషి స్పృహ తప్పుతాడు. కాసేపు అలా ఉంచి గ్లూకోజు ఎక్కించి తిరిగి తెస్తారు. వారానికి ఐదారు రోజుల చొప్పున వారాల తరబడి. కొందరు తిరిగి రాలేదు కూడా. ఐరోపాలో, అమెరికాలో దీనికోసం ప్రత్యేక వార్డులు వెలిశాయి. మన దేశపు ఆస్పత్రుల్లోనూ చేశారు. రోగులు నిజంగానే మెరుగయ్యారు. డాక్టర్లు కళ్లారా చూశారు, రాసుకున్నారు, తర్వాతి తరానికి నేర్పారు. 1953లో హెరాల్డ్ బోర్న్ అనే బ్రిటిష్ యువ వైద్యుడు లాన్సెట్ పత్రికలో ఇదంతా ఒక భ్రమ అని రాశాడు. ఆ వార్డులోకి ఎంచుకునేది ఎలాగూ కోలుకునే అవకాశం ఉన్న కొత్త రోగుల్నే కదా అన్నది అతని వాదన. పెద్దలు మండిపడ్డారు. మా అనుభవం ఏమైనట్టు అన్నారు. 1957లో లండన్‌లో ఒక జట్టుకు ఇన్సులిన్ కోమా, ఇంకో జట్టుకు మామూలు నిద్రమందుతో అలాంటి మగతే ఇచ్చి, మిగతా సేవంతా సమానంగా చేసి పోల్చి చూశారు. తేడా రాలేదు.

మరి మెరుగైనవాళ్లు దేనివల్ల మెరుగయ్యారు? ఆ వార్డుల్లో మంచి నర్సులుండేవాళ్లు. రోగి కళ్లు తెరిచేసరికి ఒక మనిషి చెయ్యి పట్టుకుని పక్కనే ఉండేది. చెమటతో తడిసిన బట్టలు మార్చి, గ్లూకోజు పట్టించి, మాట్లాడేవాళ్లు. రోజూ, వారాల తరబడి. పెద్దాస్పత్రి వెనకవార్డుల్లో ఏళ్ల తరబడి ఒక్క పలకరింపుకు నోచుకోని మనుషులకు అది దక్కింది. ఇరవై ఏళ్ల పాటు ఒక తరం మానసిక వైద్యులు తమ కళ్లెదుట జరుగుతున్న మంచిని చూస్తూనే, దానికి తప్పు పేరు పెట్టుకున్నారు. వాళ్లు నాకన్నా తెలివితక్కువవాళ్లూ కారు, దయలేనివాళ్లూ కారు. ఈ రోజు నేను రాస్తున్న మందుల్లో దేనికి అలాంటి తప్పు పేరు పెట్టుకున్నానో ఒంటరిగా కూర్చుంటే నాకు ఎప్పటికీ తెలియదు.

నేర్చుకున్న భయం కూడా విద్యే, దాన్ని వదిలించుకోవడం ఇంకా కష్టం. క్లోజపిన్ మాత్ర సంగతి చూడండి. 1975లో ఫిన్లాండ్‌లో ఆ మందు వేసుకున్నవాళ్లలో కొందరికి తెల్ల రక్తకణాలు పడిపోయి, 8 మంది చనిపోయారు. మందు మూలపడింది. 1988లో జాన్ కేన్ బృందం, ఇంకే మందుకూ లొంగని స్కిజోఫ్రీనియాలో ఇది పనిచేస్తుందని చూపించాక, 1989లో అమెరికా అనుమతించింది. వారం వారం రక్తపరీక్ష అన్నది షరతు. మన దగ్గర మొదటి 18 వారాలు అలా చేయిస్తాం. ఈ రోగంలో ఆత్మహత్యల్ని తగ్గిస్తుందని రుజువైన మందు ఇది. మన షాపుల్లో దొరుకుతుంది. అయినా రెండు మందులు విఫలమయ్యాక ఇవ్వాల్సిన దాన్ని ఐదో మందు, ఆరో మందు విఫలమయ్యేదాకా వాయిదా వేసే డాక్టర్లు ప్రతిచోటా ఉన్నారు. వాళ్లకు పుస్తకం తెలియక కాదు. ఆ 18 వారాలు ఒక రోగి చెయ్యి పట్టుకుని నడిపించిన మనిషిని దగ్గరగా చూడక. నోటివెంట చొంగ కారి రాత్రిళ్లు దిండు తడిస్తే ఏం చేయాలి, మలబద్ధకాన్ని ఎందుకు తేలిగ్గా తీసుకోకూడదు, ల్యాబ్ రిపోర్టు ఆదివారం రాకపోతే సోమవారం మాత్ర ఇవ్వాలా వద్దా - ఇలాంటివి ఏ స్లైడ్‌లోనూ పట్టవు. పక్క ఊరి డాక్టరుకు ఫోన్ చేసి అడిగితే రెండు నిమిషాల్లో తేలతాయి. ఫోన్ చేసేంత చనువు ఉండాలి, అంతే.

చట్టాల విషయంలో మా కాలం పెద్ద మార్పే చూసింది. తమిళనాడులో ఏర్వాడిలో 2001 ఆగస్టు 6న గొలుసులతో కట్టేసి ఉన్న మానసిక రోగులు 28 మంది మంటల్లో చనిపోయారు. ఆ గొలుసుల దేశం నుంచి 2017 నాటి మానసిక ఆరోగ్య చట్టం దాకా నడవడానికి 16 ఏళ్లు పట్టింది. 2018 మే 29న అమల్లోకి వచ్చిన ఆ చట్టం ప్రకారం మత్తు ఇవ్వకుండా కరెంటు చికిత్స చేయడం నిషిద్ధం. తనకు జబ్బు తిరగబెడితే ఎలాంటి వైద్యం కావాలో, ఏది వద్దో మనిషి ముందే రాసి పెట్టుకోవచ్చు. ఆత్మహత్యకు ప్రయత్నించిన మనిషి తీవ్ర ఒత్తిడిలో ఉన్నట్టే భావించాలి, శిక్షించకూడదు. మన పల్లెల్లో పురుగుమందు తాగిన పిల్లను తీసుకొచ్చి, పోలీసు కేసు భయంతో దగ్గు మందనుకుని తాగిందని చెప్పే తండ్రులు ఇప్పటికీ ఉన్నారు. ఆ తండ్రికి చట్టం మారిందని ముందుగా చెప్పాల్సింది ఎవరు? క్యాజువాలిటీలో ఉన్న హౌస్ సర్జన్‌కు తెలియకపోతే ఆ అబద్ధమే కేస్ షీటు ఎక్కుతుంది, పిల్ల మా దాకా రాకుండానే ఇంటికి పోతుంది.

నేర్చుకోవడమంటే ఎలా ఉంటుందో నాకు బాగా చూపించినవాడు డాక్టరు కాదు, జడ్జి. స్వలింగాసక్తిని అమెరికా మానసిక వైద్యుల సంఘం 1973లో రోగాల పట్టిక నుంచి తీసేసింది, ప్రపంచ ఆరోగ్య సంస్థ 1990లో తీసేసింది. అయినా కొడుకును మార్చమని తీసుకొచ్చే తల్లిదండ్రులు మన దగ్గర తగ్గలేదు, మారుస్తామనే డాక్టర్లూ తగ్గలేదు. 2021లో మద్రాసు హైకోర్టుకు ఇద్దరు అమ్మాయిలు తమ ఇళ్లవాళ్ల నుంచి రక్షణ కోరుతూ వచ్చారు. న్యాయమూర్తి ఆనంద్ వెంకటేశ్ ఈ విషయం తనకు సరిగా అర్థం కాలేదని కోర్టులోనే చెప్పి, ఒక సైకాలజిస్టు దగ్గర కూర్చుని నేర్చుకుని, ఆ తర్వాతే తీర్పు రాశాడు. అలాంటివాళ్లను మార్చే చికిత్సలు కూడదన్నాడు. అంత పెద్ద కుర్చీలో కూర్చున్న మనిషి, నాకు తెలియదు, చెప్పండి అనగలిగాడు. మా కాన్ఫరెన్సుల్లో ప్రశ్నల సమయం ఇచ్చినప్పుడు లేచేవాళ్లలో ఎక్కువమంది తమకు తెలిసింది చెప్పడానికే లేస్తారు.

ఎవరి దగ్గర నేర్చుకోవాలన్నది మన దేశం ఒకప్పుడు కొత్తగా ఆలోచించింది. 1950లలో అమృత్‌సర్ మానసిక ఆస్పత్రిలో డాక్టర్ విద్యాసాగర్, లోపల చోటు చాలక, ఆవరణలో గుడారాలు వేయించి రోగుల్ని వాళ్ల కుటుంబాలతో సహా ఉంచాడు. రోగం ఇంటి నుంచే వస్తుంది, ఇంటివాళ్లను దూరం పెట్టాలన్న పాశ్చాత్య సిద్ధాంతం బలంగా ఉన్న రోజులవి. తల్లీ, అన్నా, భార్యా పక్కనుంటే రోగి త్వరగా తేరుకుంటున్నాడు, ఇంటికి వెళ్లాక నిలబడుతున్నాడు. వెల్లూరులో, బెంగళూరులో కుటుంబ వార్డులు ఈ దారినే వచ్చాయి. ఆ గుడారాల్లో డాక్టరుకు దక్కిందేమిటంటే, రాత్రి పదింటికి ఏం జరిగిందో పొద్దున్నే చెప్పే మనిషి.

తెలంగాణలో 2015 సెప్టెంబరులో కల్తీ కల్లు మీద దాడులు మొదలైనప్పుడూ రోగులే పాఠం చెప్పారు. నిజామాబాద్ మొదలైన జిల్లాల్లో ఏళ్ల తరబడి ఆ కల్లుకు అలవాటుపడినవాళ్లు, సరఫరా ఒక్కసారిగా ఆగిపోయేసరికి వణుకుతూ, లేనివి కనిపిస్తున్నాయంటూ, ఫిట్స్‌తో ఆస్పత్రుల మీద పడ్డారు. కల్లులో కలిపింది క్లోరల్ హైడ్రేటు, డయాజిపామ్, ఆల్ప్రజోలామ్. సారా మానేసినవాళ్లను ఎన్ని క్వార్టర్లు తాగుతావని అడిగి డోసు కట్టడం మాకు అలవాటు. ఇక్కడ ఎన్ని సీసాలన్న లెక్కతో పని జరగదు, సీసాలో ఏముందో దుకాణాన్ని బట్టి మారుతుంది. "కల్లు బందైంది సారూ, నిద్ర వడ్తలేదు" అన్న మనిషిని అడగాల్సిన మొదటి ప్రశ్న, ఏ దుకాణం కల్లు అని. ఆ ప్రశ్న ఏ విదేశీ పాఠ్యపుస్తకంలోనూ లేదు. 2020 లాక్‌డౌన్‌లో ఎర్రగడ్డ ఆస్పత్రి ముందు మళ్లీ జనం బారులు తీరినప్పుడు దాని విలువ తెలిసొచ్చింది.

బ్రిటన్‌లో మానసిక వైద్యుల రాయల్ కాలేజీ ఏడాదికి 50 గంటల శిక్షణ అడుగుతుంది. అంకె కన్నా నాకు నచ్చింది దాని పద్ధతి. కొద్దిమంది తోటి డాక్టర్లు ఒక చిన్న జట్టుగా ఏర్పడాలి. నేను ఈ ఏడాది ఏం నేర్చుకోవాలనుకుంటున్నానో ఆ జట్టు ముందు పెట్టాలి, కేసులు చర్చించాలి, గంటలు నిజమని జట్టు ఒప్పుకోవాలి. మన పరిస్థితి వేరు. 2015-16 జాతీయ సర్వే తర్వాత తరచూ వినిపించే లెక్క ప్రకారం మన దేశంలో లక్ష మందికి ఒక్క మానసిక వైద్యుడు కూడా నిండుగా లేడు. ఒకే ఊళ్లో ఇద్దరుంటే వాళ్ల బోర్డులు ఎదురెదురుగా ఉంటాయి. పోటీలో ఉన్నవాడి ముందు నా కేసు ఎలా విప్పను అన్న సంకోచం అబద్ధం కాదు.

అయినా మేం చుట్టుపక్కల ఊళ్ల నలుగురం, ఒక సైకియాట్రిక్ సోషల్ వర్కరు, నెలకో సాయంత్రం ఓపీ అయ్యాక కూర్చుంటున్నాం. ప్రతివాళ్లూ తేవాల్సింది మళ్లీ రాని మనిషి కేసు. పేరు, ఊరు చెప్పం. మొదటిసారి వచ్చిననాడే మేం ఒక ప్రశ్న అడిగి రాసుకుంటాం: మీరు రాకపోతే ఎవరికి ఫోన్ చేయమంటారు, ఎవరని చెప్పుకోమంటారు? కొత్తగా పెళ్లయిన అమ్మాయి అన్న నంబరు ఇస్తుంది, బట్టల షాపు నుంచి అని చెప్పమంటుంది. అలాగే చెప్తాం. గోప్యత ఆమె హక్కు, చట్టమూ అదే అంటోంది.

ఆ ఫోన్లలో తెలిసినవి ఏ పత్రికలోనూ చదవలేదు. ఒకావిడ మా సహచరుడి దగ్గరికి రావడం మానేసింది. మందు మగతకు తెల్లవారుజామున మల్లెపూలు కోయడానికి లేవలేకపోతోంది. పడుకునే ముందు వేసుకోమన్న మాత్రను పొద్దుగూకేవేళకు మార్చి, కొంచెం తగ్గిస్తే సరిపోయేది. ఆయన చీటీ మీద రాసిన మందు సరైనదే, డోసూ సరైనదే. పరీక్షలో ఆ జవాబుకు నూటికి నూరు మార్కులు పడతాయి. ఇంకో కుర్రవాడు బరువు పెరిగి కాలేజీలో ఏడిపిస్తున్నారని ఆపేశాడు. ఒక రైతు మగతనం విషయం ఎదురుగా ఉన్న లేడీ డాక్టరుకు చెప్పుకోలేక ఆపేశాడు. ఒక తల్లి మాత్రం, "బాగున్నాడయ్యా, మిర్చి కోతల్లో ఉన్నాడు, అందుకే తీసుకురాలా" అంది. ఆ రాత్రి మేం మాత్ర ఆపమని చెప్పాలా, కొనసాగించమని చెప్పాలా అని గంటసేపు వాదించుకున్నాం. ఆ ఒక్క గంటలో తిరగబెట్టే రోగం గురించి నేను నేర్చుకున్నంత, పీజీ రోజుల తర్వాత ఎప్పుడూ నేర్చుకోలేదు.

మాకు ఒకటే నియమం: చెప్పేవాళ్లు మొత్తం చెప్పేదాకా చీటీ మీద ఎవరూ వ్యాఖ్యానించకూడదు. మొదట్లో ఇది చాలా కష్టమైంది. ఇప్పుడు ఎదుటి బోర్డు డాక్టరు కూడా వస్తానంటున్నారు.

ఈ సాయంత్రాలకు కౌన్సిల్ క్రెడిట్ లేదు. ఆ 30 గంటల్లో కనీసం పది, ఇలా సొంత కేసులు తోటివాళ్ల ముందు పెట్టే చిన్న సమావేశాలకు ఇవ్వాలని నేను అడుగుతున్నాను. హాలు అద్దె అక్కర్లేదు, స్పాన్సరు అక్కర్లేదు. పల్లెటూరి ప్రాక్టీసులో ఒక్కరే ఉన్నవాళ్లు వీడియోలో చేరవచ్చు. నిమ్‌హాన్స్ ఇప్పటికే జిల్లాల డాక్టర్లతో ఆన్‌లైన్‌లో కేసులు చర్చిస్తోంది. ఎవరెవరు వచ్చారో, ఎన్ని కేసులు మాట్లాడుకున్నారో, వాటిలో ఎంతమందిని తిరిగి వైద్యంలోకి తేగలిగారో రాసే రిజిస్టరు ఒకటి చాలు. మాది సోషల్ వర్కరు దగ్గర ఉంది, కౌన్సిల్ ఎప్పుడడిగితే అప్పుడు పంపుతాం.